చెవి కణాలు పెంచే ఇంజెక్షన్ గురించి – సమాధానం

పర్లాకిమిడి నుంచి రాసిన తమ్ముడికి: రైస్ మిల్లులో ఏళ్లపాటు పనిచేసిన నాన్నగారికి వినికిడి తగ్గిందని, స్టెమ్ సెల్ (కొత్త కణాలుగా మారగల మూలకణాల) ఇంజెక్షన్‌తో చెవి కణాలు మళ్లీ పుడతాయని ఒక క్లినిక్ రెండు లక్షలు అడుగుతోందని రాశారు. ఆ డబ్బు కట్టకండి.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. మనిషికి అవి పోతే మళ్లీ రావు. కోడికి వస్తాయి! పక్కనున్న సహాయక కణాలు విభజన చెంది కొత్త రోమకణాలవుతాయని 1980ల చివర్లో తేలింది. మనలో ఆ కణాలు మొద్దునిద్ర పోతున్నాయి. రోమకణాలు తయారయ్యేలా చేసే అటోహ్1 అనే జన్యువుతో వాటిని లేపాలని ప్రయత్నాలు సాగుతున్నాయి. ఆ కణాల్ని లేపడానికే చేసిన ఎఫ్‌ఎక్స్-322 అనే మందు మీద చాలా ఆశ పెట్టుకున్నారు, కానీ 2023లో ట్రయల్‌లో అది విఫలమైంది. రోమకణాలను మళ్లీ పుట్టించడానికి ఈరోజుకి ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు.

మిల్లు మోతకు ముందు పోయేది సన్నని (హై పిచ్) శబ్దాలు. అందుకే ఆయనకు గొంతు వినిపిస్తుంది కానీ ‘స’, ‘శ’ జారిపోయి మాట అర్థం కాదు. మీరు గట్టిగా అరిచినా లాభం లేదు, ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఈఎన్‌టీకి చూపించి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. గుబిలి అడ్డుపడిందేమో కూడా చూస్తారు. తర్వాత హియరింగ్ ఎయిడ్. అదీ చాలకపోతేనే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) మాట. ఒకవేళ ఉన్నట్టుండి ఒక చెవికి వినికిడి పోతే మాత్రం ఆ రోజే పరుగెత్తండి, స్టెరాయిడ్ తొందరగా పడాలి.