అల్లుడూ, బ్రష్షు పట్టే ముందు

ప్రియమైన అల్లుడికి,

మావయ్య దీవెనలు. జాలరిపేట చర్చిలో పుల్పిట్, అదే ప్రసంగాల వేదిక, వెనక గోడ నీకిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఏసుప్రభువుని నల్లగా వేస్తానని నువ్వు, కేలండర్లో ఉన్నట్టే వెయ్యాలని సంఘపెద్దలు, మధ్యలో సెల్‌ఫోన్లు పట్టుకుని యూత్ కుర్రాళ్ళు. క్రిస్మస్ నెత్తిమీదికొచ్చినా గోడకి ప్రైమరైనా పడలేదట కదా.

ముందు నా బాగోతం విను. నాకప్పుడు పాతికేళ్ళు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చర్చిలో, పేరెందుకులే, ప్రభువుని చామనఛాయలో వేశాను. ఎవర్నీ అడగలేదు. రెండో ఆదివారానికే కబురొచ్చింది, తెల్లగా చెయ్యమని. నాకు ఒళ్ళు మండింది. కోపంలో ఉన్నవాడికి పనితనం ఎక్కడిది? నున్నగా మెరుస్తున్న ఇనామెల్ మీద గరుకు కాగితమైనా రుద్దకుండా డిస్టెంపర్ పూసేసి, డబ్బులు జేబులో వేసుకుని వచ్చేశాను. ఉప్పుగాలి కదా, రెండు వానాకాలాలు తిరిగేసరికి ముక్కుమీద, చెంపమీద పెచ్చులు లేచి కింద గోధుమరంగు మచ్చలు మచ్చలుగా బయటపడింది. ఒక మామ్మ నన్ను బజార్లో ఆపి, "ఏటి బావూ, పెబువుకే బొల్లొచ్చీసిందేటి?" అంది. గోడ మొత్తం సిమెంటు దాకా గీకి, నా సొంత డబ్బుతో మళ్ళీ వేశాను.

అందుకే చెప్తున్నా. రంగు కలపడానికి ముందే మనుషుల్ని కలుపుకో.

ఇక వాదన సంగతి. సువార్తలు నాలుగూ తిరగెయ్యి, ఆయన ఒంటిరంగు గురించి ఒక్క ముక్క దొరకదు. ఉన్నదల్లా చుట్టుతిరుగుడు ఆనవాళ్ళే. గెత్సేమనే తోటలో ఆయన్ని పట్టుకోడానికొచ్చిన వాళ్ళకి శిష్యుడు యూదా ముద్దు పెట్టి చూపించాల్సొచ్చింది. పన్నెండుమందిలో ఒక్కడే తెల్లగా మెరిసిపోతుంటే ముద్దెందుకు, వేలు చూపిస్తే సరిపోను. సమరయ స్త్రీ ఆయన దాహానికి నీళ్ళడగ్గానే యూదుడని పోల్చుకుంది. అంటే గలిలయలో ఎండలో తిరిగే యూదుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. వడ్రంగి కూడాను.

పెద్దలు నీమీదికి వాక్యం తీస్తారు, కాచుకో. బైబిల్లో పరమగీతం అయిదో అధ్యాయంలో "నా ప్రియుడు ధవళవర్ణుడు, రత్నవర్ణుడు" అని ఉందిగా అంటారు. అది ఒక పిల్ల తన ప్రియుణ్ణి గురించి చెప్పుకున్న మాట. అదే పిల్ల మొదటి అధ్యాయంలో తాను నల్లనిదాన్నని, అయినా అందగత్తెనని చెప్పుకుంది, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మీ యూత్ వాళ్ళేమో ప్రకటన గ్రంథం తెరిచి, కొలిమిలో కాలిన లోహంలాంటి పాదాలు చూడండంటారు. ఆ పక్కనే తల వెంట్రుకలు మంచంత తెలుపని ఉంది. అది దర్శనం, ఫోటో కాదు. ఇద్దరికీ ఆ గ్రంథాల్లో ఆధారం లేదు. యెషయా ప్రవక్త మాత్రం అతనికి సురూపమైనా సొగసైనా లేదన్నాడు, ఆ వాక్యం మీద కేలండర్ వేసినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

మరి కేలండర్ మొహం ఎక్కణ్ణుంచొచ్చింది? షికాగోలో వార్నర్ సాల్మన్ అనే ఆయన 1940లో వేసిన బొమ్మ అది. యాభై కోట్లకి పైగా ప్రతులు అచ్చయ్యాయంటారు. శివకాశి వాళ్ళ చేతుల్లో పడి ఆ మొహానికి ఇంకాస్త గులాబీరంగు ఎక్కింది. దానిపైన మనకి 1978లో కరుణామయుడు వచ్చింది. తెల్లగుడ్డ కట్టి సినిమా వేస్తుంటే, విజయచందర్ తెరమీదికి రాగానే చేతులు జోడించినవాళ్ళ మధ్య కూర్చున్నాను నేను. అంతకంటే పాత బొమ్మలు లేకపోలేదు. సిరియాలో దురా యూరోపోస్ అనే చోట దాదాపు క్రీ.శ. 235 నాటి గోడబొమ్మ దొరికింది. అందులో ప్రభువుకి గడ్డమే లేదు, జుట్టు పొట్టిగా ఉంది. 2001లో బీబీసీ వాళ్ళ కోసం రిచర్డ్ నీవ్ అనే ఆయన ఆ కాలపు యూదుడి పుర్రె ఆధారంగా ఒక మొహం తయారుచేశాడు. వెడల్పు ముక్కు, ఉంగరాల పొట్టిజుట్టు, చామనఛాయ. పోర్టులో లారీ దిగి టీ తాగే మనిషిలా ఉంటాడు. అది ప్రభువు పుర్రె మాత్రం కాదు, ఆ మాట కుర్రాళ్ళకి గట్టిగా చెప్పు.

ఏసు నల్లవాడేనని వాళ్ళ ఫోన్లలో తిరిగే గొడవ అమెరికాది. దాని వెనక బానిసత్వం ఉంది. 1967లో డెట్రాయిట్‌లో అల్లర్లప్పుడు ఒక సెమినరీ, అంటే ఫాదరీలకి చదువు చెప్పే బడి, ముందున్న ఏసు విగ్రహానికి ముఖం, చేతులు, పాదాలు నల్లరంగు వేశారు. తర్వాత ఎవరో తెల్లరంగు పూశారు. సెమినరీ వాళ్ళే మళ్ళీ నల్లరంగు వేయించి అలాగే ఉంచారు. రంగు మీద రంగు పడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఈ కథ నాకు మరీ ఇష్టం. కానీ ఆ కోపాన్ని తెచ్చి జాలరిపేట గోడకి కొట్టకు. మన జబ్బు వేరు. తెల్లని ప్రభువు కావాలని పట్టుబట్టిన పెద్దమనిషే కూతురు చామనఛాయని సంబంధం తప్పిపోతే నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ రెండూ ఒకటేనని ఆయనకి తట్టలేదు, నేనూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు, ముఖ్యంగా మైకులో.

నాతో బోర్డులు రాసిన సింహాచలం స్నేహితుడొకడు ఓసారి అన్నాడు, "మా అప్పన్నకి ఏడాదికోసారన్నా చందనం వొలుస్తారు, మీరు పూసి ఒలవడం మర్చిపోయార్రా" అని. నవ్వాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇప్పుడు పని. తుఫాను ఆపే బొమ్మ వద్దు, అందరూ వేసేదే. యోహాను సువార్త ఇరవై ఒకటో అధ్యాయం వెయ్యి. తెల్లవారుజామున ఒడ్డున నిప్పులు, నిప్పుల మీద చేప, పిలుస్తున్న ప్రభువు. శిష్యులు ఆయన్ని పోల్చుకోలేదని అక్కడే రాసుంది, నీకదే బలం. కింద నిప్పుల వెలుగు, వెనక తెల్లారే సముద్రం. ఆ వెలుగులో ఏ చర్మమైనా రాగిలా కనబడుతుంది, పెద్దలకి మింగుడుపడుతుంది.

రంగుకి ఎల్లో ఆకర్, బర్న్ట్ సియన్నా, కొంచెం తెలుపు. నీడకి నల్లరంగు ముట్టుకోకు, మసిబట్టినట్టవుతుంది. అంబర్‌లో, అదే ముదురు గోధుమరంగులో, నీలం చుక్క కలుపు. నాలుగు ఛాయలు నాలుగు అట్టముక్కల మీద పూసి, చర్చిలోనే సాయంత్రం ట్యూబ్‌లైట్లు వేసి చూడు. పగలు బాగున్న గోధుమరంగు ఆ లైటుకి బూడిదరంగైపోతుంది. వాటికి నంబర్లు వేసి పెద్దలకి, మామ్మలకి చూపించు. తెలుపా నలుపా అనడక్కు, నిప్పుల దగ్గర కూర్చున్న మనిషికి ఏది నప్పుతుందని అడుగు. జుట్టు భుజాలు దాటనివ్వకు. చేతులు వడ్రంగివి, వేళ్ళు సన్నగా గీస్తే ఊరుకోను.

అసలు భయం వేరే ఉంది. ఆ వలలో నూట యాభైమూడు పెద్ద చేపలని రాసుంది, మనవాళ్ళు లెక్కపెడతారు. వల ముడి తప్పుగా వేశావో, ప్రభువు రంగు సంగతి మర్చిపోయి దాని మీదే పడతారు. ముందు ఒడ్డుకెళ్ళి వల కుట్టేవాళ్ళ పక్కన రెండు పొద్దులు కూర్చో.

ముఖం వేసే రోజు ఫోన్ చెయ్యి, ఆటోలో వస్తాను. నిచ్చెన ఎక్కలేను, కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

మీ మావయ్య