ఆ మైనస్ 30 సెల్సియస్ కాదు

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. 1812లో నెపోలియన్ సైన్యం మాస్కో దాకా వెళ్లి తిరిగొచ్చిన దారిని చూపే పాత ఫ్రెంచ్ పటం ఒకటుంది. దాని అడుగున ఉన్న ఉష్ణోగ్రతలను ఎక్సెల్‌లో ఎక్కించి గ్రాఫ్ గీశాను. అన్నిటికంటే చలి రోజు మైనస్ 30 సెల్సియస్ అని చెబితే, ఒక విద్యార్థి లేచి ‘మైనస్ 37 కదండీ’ అన్నాడు. ఎవరిది తప్పు?

జవాబు: మీ విద్యార్థే కరెక్టండీ. ఆ పటాన్ని షార్ల్ జోసెఫ్ మినార్ 1869లో గీశారు. అవి రేయోమ్యూర్ డిగ్రీలని ఆయన అక్కడే ఫ్రెంచ్‌లో స్పష్టంగా రాశారు. అంకెలను పట్టికలోకి ఎక్కించేటప్పుడు ఆ ఒక్క మాట రాలిపోతే, చూసేవాళ్లు సెల్సియస్ అనే అనుకుంటారు.

రేయోమ్యూర్ 1730లో తెచ్చిన కొలమానంలో నీళ్లు గడ్డకట్టేది 0 దగ్గర, మరిగేది 80 దగ్గర. సెల్సియస్‌లో నూరు మెట్లున్న చోట ఇక్కడ ఎనభయ్యే. అందుకే 1.25తో హెచ్చవేయాలి. మైనస్ 9 కాస్తా మైనస్ 11.25 అవుతుంది, మైనస్ 30 మైనస్ 37.5 అవుతుంది. పాదరసం గడ్డకట్టేదే దాదాపు మైనస్ 39 దగ్గర! అంత చలిలో ఆకలితో మంచులో నడిచిన మనుషుల గురించి పిల్లలకు చెబుతున్నారు కాబట్టి, ఈ ఏడున్నర డిగ్రీలు వదిలేసేవి కావు. అయితే గ్రాఫ్ మీద ‘సుమారు మైనస్ 37’ అని రాయండి చాలు. ఆనాటి థర్మామీటర్‌ను దశాంశం దాకా నమ్మలేం.

ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ‘కన్వర్ట్’ ఫంక్షన్‌కు రేయోమ్యూర్ తెలుసు. ముందు అంకె ఉన్న సెల్, కామా, కోట్స్‌లో ఆర్-ఈ-ఏ-యు అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, మళ్లీ కామా, కోట్స్‌లో సి. ఆర్, సి మాత్రం పెద్ద అక్షరాలు, మిగతా మూడూ చిన్నవి. అవి అటూఇటూ అయితే ఎర్రర్ వస్తుంది. విండోస్ కాలిక్యులేటర్‌లో వెతక్కండి, అందులో సెల్సియస్, ఫారెన్‌హీట్, కెల్విన్ మాత్రమే ఉంటాయి.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. నెట్ నుంచి కాపీ చేసిన మైనస్ ఒక్కోసారి కీబోర్డు మీది మైనస్ కాదు, చూడ్డానికి అలాగే ఉండే వేరే గుర్తు. దాంతో ఎక్సెల్ ఆ సెల్‌ను అంకెగా తీసుకోదు. చెరిపి మీ చేత్తో టైప్ చేయండి. రెండోది తేదీలు. ఆ పటంలో నెలలు పొట్టి రూపాల్లో ఉంటాయి: 9 వేసి పక్కన ‘బ్రె’ అని ఉంటే నవంబరు, రోమన్ పది వేసి ఉంటే డిసెంబరు. తొమ్మిదో నెల, పదో నెల అనుకుంటే డిసెంబరు 6 నాటి మైనస్ 30 అక్టోబరులోకి వెళ్లిపోతుంది. మీ షీట్‌లో ఆ గడి ఓసారి చూసుకోండి.

1.25 సూత్రం పాత రికార్డులన్నిటికీ పనిచేయదు. 18వ శతాబ్దపు రష్యాలో డెలిల్ కొలమానం వాడేవారు. అందులో మరిగే నీరు 0, గడ్డకట్టే నీరు 150, అంటే చలి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. దాన్ని మూడింట రెండు వంతులు చేసి, 100 లోంచి తీసేస్తే సెల్సియస్ వస్తుంది. సెల్సియస్ కూడా 1742లో తన కొలమానాన్ని అలా తలకిందులుగానే పెట్టాడు. ఆయన పోయాకే అది తిరగబడింది.

ప్రశ్న: అమ్మకు ఒళ్లు కాలిపోతోంది. కొత్త డిజిటల్ థర్మామీటర్ 38.3 చూపిస్తోంది. నూరు కూడా రాలేదు, పాడైందా?

జవాబు: పాడవలేదమ్మా, అది సెల్సియస్‌లో చూపిస్తోంది. 38.3ని 1.8తో హెచ్చవేసి 32 కలపండి, ఫారెన్‌హీట్‌లో దాదాపు 101 వస్తుంది. అమ్మకు జ్వరమే, ముందు డాక్టర్‌కు చూపించండి. మన ఇళ్లలో జ్వరమంటే ‘నూటొకటి, నూటరెండు’ అనే లెక్క కాబట్టి 38 తక్కువగా అనిపిస్తుంది. చాలా మోడళ్లలో ఆపేసి ఉన్నప్పుడు బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే సి పోయి ఎఫ్ వస్తుంది. మీదాంట్లో ఎలాగో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. ఇకమీదట అంకె ఎవరికి చెప్పినా పక్కనున్న అక్షరం కూడా చెప్పండి. డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పేటప్పుడు మరీనూ.

ప్రశ్న: జావాలో ఉష్ణోగ్రతలు మార్చే యాప్ రాశాను. ఫారెన్‌హీట్ నుంచి మారిస్తే ఎప్పుడూ సున్నాయే వస్తోంది. సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు మాత్రం బాగానే ఉంది. కానీ ‘భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే’ అన్న వార్త చూసి 1.5 ఇస్తే 34.7 అంటోంది!

జవాబు: మొదటిది చిన్న సంగతి. 5ను 9తో భాగించమంటే జావా రెండూ పూర్ణాంకాలే కదా అని దశాంశం వదిలేసి సున్నా ఇస్తుంది. 5.0 అని రాయండి.

రెండోదాంట్లో కోడ్ తప్పు లేదు, అడిగిన ప్రశ్నే వేరు. ‘ఇవాళ 1.5 డిగ్రీలుంది’ అంటే 32 కలపాలి. ‘1.5 డిగ్రీలు పెరిగింది’ అంటే కలపకూడదు, ఎందుకంటే అది రెండు అంకెల మధ్య తేడా. సున్నా ఎక్కడుందన్నది తేడాకు అక్కర్లేదు, మెట్టు ఎంతన్నదే కావాలి. 1.8తో హెచ్చవేస్తే 2.7, సరైన జవాబు అదే. ఎక్సెల్ కన్వర్ట్‌కు ఇచ్చినా 34.7 అనే అంటుంది, ఎందుకంటే మీరిచ్చింది తేడా అని దానికి తెలియదు. యాప్‌లో ‘ఉష్ణోగ్రత’, ‘తేడా’ అని రెండు బటన్లు పెట్టండి. మొదటిదాన్ని మైనస్ 40తో పరీక్షించండి, రెండు కొలమానాల్లోనూ అదే అంకె రావాలి. రెండోదానికి 5 ఇస్తే 9 రావాలి.