ఆ సముద్రంలో ఉప్పేది?

చిరంజీవి అమ్మాయిని మామయ్య ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పులు తక్కువే. కానీ మొదటి పేజీలోనే జ్ఞాపకాల సముద్రం, ఆశల హరివిల్లు, మౌనపు కోట వరుసగా వచ్చాయి. ఒక్కటీ నా కంటికి కనపడలేదు.

బడిలో చెప్పే ఉంటారు: ముఖం చంద్రుడిలా ఉందంటే ఉపమ, ముఖమే చంద్రుడంటే రూపకం. సంసారసాగరం, విద్యాధనం రూపక సమాసాలు. పరీక్షకు అంత తెలిస్తే చాలు, రాయడానికి చాలదు. సమాసం కట్టగానే పని అయిపోయిందనుకుంటాం. సముద్రం అన్నావు సరే, అందులో ఉప్పేది, ఆటుపోట్లేవి? పైగా తర్వాతి వాక్యంలోనే ఆ సముద్రపు పుటలు తిరగేశావు!

నామవాచకం కన్నా క్రియను నమ్ముకో. మన భాషలో గట్టి రూపకాలు అక్కడే దాగున్నాయి. 'నిప్పులు చెరిగాడు' అంటాం. చెరగడం చేటతో చేసే పని. గింజలకు బదులు కణకణలాడే నిప్పులు చేటలో పోసి ఎగరేస్తున్న మనిషిని ఊహించుకో. రవ్వలు ఎదుటివాళ్ల మీదే కాదు, వాడి చేతుల మీదా పడతాయి. కాసేపటికి చేటా అంటుకుంటుంది. కోపం గురించి ఇంతకన్నా బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆ మాటను వాడగా వాడగా చేట మన కంటికి ఆనడం మానేసింది, అంతే. నోరు జారడం, మనసు విరగడం కూడా ఆ కోవలోవే. రోజుకొక మాట తీసుకొని దాని అడుగున ఏ పని ఉందో వెతుకు.

రూపకం కవుల సొత్తు కాదని, మన ఆలోచనే దాని మీద నడుస్తుందని 1980లో అమెరికా భాషావేత్త జార్జ్ లేకాఫ్, తత్త్వవేత్త మార్క్ జాన్సన్ వాదించారు. వాదనను యుద్ధంగా ఊహించుకుంటాం కాబట్టే అందులో గెలుస్తాం, ఓడతాం, ఎదురుదాడి చేస్తాం. నాకది ఆలస్యంగా, అదీ సిగ్గుపడి తెలిసొచ్చింది. పత్రికలో పనిచేసే రోజుల్లో ఒకాయన మరణవార్తకు 'క్యాన్సర్‌తో పోరాడి ఓడారు' అని శీర్షిక పెట్టాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. వారం తర్వాత ఆయన భార్య ఫోను చేసి, "ఆయన ఎక్కడ తగ్గారని ఓడిపోయారన్నారు?" అని అడిగారు. క్షమించమనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. జబ్బును యుద్ధం అన్నామంటే పోయినవాళ్లను ఓడినవాళ్లుగా లెక్కగట్టినట్టే. అప్పటినుంచి ఏ రూపకం రాసినా, అది తనతో ఇంకేం లాక్కొస్తోందో చూసుకుంటాను.

మూడో పేజీలో 'తాతయ్య పోయాక రాత్రిళ్లు ఇల్లు దగ్గడం మానేసింది' అని రాశావు. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. అలంకారశాస్త్రం దాన్ని ఏ గూట్లో పెడుతుందో నాకనవసరం. నాన్న దగ్గు మళ్లీ వినపడింది. దాని పక్కనే 'శోకసంద్రం' అని తగిలించావు చూడు, అది కొట్టేసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య