'షో'లో 'ఇ' కనిపిస్తే దిద్దకు: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847 నుంచి అది పూర్తయిన 1852 వరకు ఉన్న రెవెన్యూ కాగితాలకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో నకళ్లు రాసి, వాటిని అచ్చు వేయిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల అంతటి పనికి పూనుకుందని ఎంత పొంగిపోయానో, ఆ కాలపు ఇంగ్లీషును ఈ కాలపు కంటితో చదువుతావేమోనని అంత దిగులుపడ్డాను. అనుమతి ముందే తెచ్చుకో, లోపలికి పెన్సిలే తీసుకెళ్లు, వేళకు అన్నం తిను. నేను అసలు చెప్పదలచింది ఒక్క క్రియాపదం గురించి.

'చూపు' అనే అర్థమున్న 'షో' అన్న మాటను ఆ కాగితాల్లో తరచుగా 'ఓ' బదులు 'ఇ' పెట్టి రాసి ఉంటారు. దానిని 'ష్యూ' అని చదవకు. బట్టలు కుట్టడాన్ని చెప్పే 'సో' అన్న మాటలోనూ 'ఇ', 'డబ్ల్యూ'లే ఉన్నా మనం 'ఓ' అనే పలుకుతున్నాం కదా, ఇదీ అంతే. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలులో ఈ రాత విరివిగా కనిపిస్తుంది. అందరూ 'షో' అనే పలుకుతున్నారు గనుక రాత కూడా పలుకుబడినే అనుసరించాలని 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో 'ఓ'ను ఎంచుకున్నా, పాత రాత వెంటనే పోలేదు. 1950లో కన్నుమూసిన నాటక రచయిత బెర్నార్డ్ షా కూడా 'ఇ'తోనే రాసేవాడు. ఒకే కాగితంలో రెండు రకాలూ ఎదురైతే రెండింటినీ ఉన్నవి ఉన్నట్లే దింపు.

అర్జీలలో ఈ మాట చివర 'ఇ', 'టి', 'హెచ్' చేరి 'షోయెత్' అవుతుంది. 'ఫలానా వారి వినయపూర్వకమైన అర్జీ' అన్నది కర్త, 'షోయెత్' అంటే 'తెలియజేస్తున్నది' అన్నది క్రియ, ఆ తరువాత 'దట్' అంటూ మొదలయ్యే పేరాలన్నీ ఆ తెలియజేసే విషయాలు. అంటే పుటల కొద్దీ సాగే అర్జీ అంతా వ్యాకరణం ప్రకారం ఒకే వాక్యం. మన కోర్టుల్లో ఇప్పటికీ పిటిషన్ల మొదట 'మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ షోయెత్' అని 'ఇ'తోనో 'ఓ'తోనో టైపు చేస్తూనే ఉన్నారు, చాలామంది దాన్ని శీర్షిక అనుకుంటారు. అది క్రియ, తల్లీ. దాని పక్కన ఫుల్‌స్టాపు పెట్టావంటే అర్జీ పెట్టుకున్నవాడి విన్నపానికి తలా మొండెమూ వేరు చేసినట్లే.

నేను ప్లీడరు గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక కాలువగట్టు హద్దు దావా వచ్చింది. మా కక్షిదారు తెచ్చిన పాత ఇంగ్లీషు దస్తావేజులో 'ఇందుతో చూపిన ప్లాను' అన్న మాట మూడు చోట్ల ఉంది, మూడు చోట్లా 'షోన్' అన్నది 'ఇ'తోనే ఉంది. మా ఆఫీసులో నకలు టైపు చేసిన కుర్రవాడికి ఇంగ్లీషు బాగా వచ్చు, అందుకే అది తప్పనుకుని మొదటి రెండు చోట్ల 'ఓ' పెట్టి దిద్దాడు. మూడో చోట సిరా అలుక్కుపోయి 'హెచ్' కనబడక, 'కుట్టిన' అనే అర్థం వచ్చేలా 'సోన్' అని కొట్టాడు. ఎదుటి ప్లీడరుగారు లేచి, ప్లానును దస్తావేజుకు కుట్టి ఉంటే సూది రంధ్రాలేవి, దానిని ఊడదీసిందెవరు అని అడిగారు. మూలంతో పోల్చి చూసేసరికి మిగతా రెండు దిద్దుబాట్లూ బయటపడ్డాయి. అర్థం ఏమాత్రం మారని ఆ రెండే మమ్మల్ని ఎక్కువ దెబ్బతీశాయి, ఎందుకంటే అక్షరాలు దిద్దినవారు కొలతలు దిద్దలేదని నమ్మేదెలా అన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. వాయిదా పడింది. మొదటి బస్సుకు వచ్చిన మా కక్షిదారు, ఆ ముసలి రైతు, తన కాగితంలో తప్పేముందో అర్థం కాక, దాన్ని రెండు చేతులా పట్టుకుని కోర్టు వరండాలో చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆ కుర్రవాడు నీలాగే చురుకైనవాడు, నా భయమంతా అందుకే.

కాబట్టి కంప్యూటరు తనంతట తాను మాటలు దిద్దకుండా మొదటే ఆపించు. ఆ మాట పక్కన, మూలంలో తప్పు ఇలాగే ఉందని చెప్పే 'సిక్' అన్న గుర్తు కూడా పెట్టవద్దు, ఆ కాలానికి అది సరైన రాతే గనుక తప్పుపట్టడం అన్యాయం. ముందుమాటలో ఒకసారి వివరించి, వెతుక్కునేవారి కోసం సూచికలో ఇప్పటి రాతను ఇవ్వు. నీ సొంత వాక్యాల్లో మాత్రం 'ఓ'తోనే రాయి, పాతదనం కోసం 'ఇ' అరువు తెచ్చుకోకు.

మొదటి పుటలు పూర్తికాగానే మూలం ఫొటోలతో సహా నాకు పంపు. కళ్లద్దాలు కొత్తవి చేయించుకున్నాను, అక్షరం అక్షరం పోల్చి చూసి పెడతాను.

ఇట్లు,
మీ మామయ్య