ఇప్పటి రగ్బీ చూడ్డానికి బోర్‌గా తయారైందా?

రగ్బీ గురించి ఈమధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మనవాళ్ల నుంచి. అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది ఖమ్మం, ఉద్యోగరీత్యా వెల్లింగ్టన్‌లో ఉంటున్నాను. ఇక్కడ అందరూ ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ రగ్బీ జట్టు) అభిమానులే, వాళ్ల పుణ్యమా అని నాకూ రగ్బీ అలవాటైంది. కానీ దేశాల మధ్య మ్యాచ్‌లు చూస్తుంటే ఇప్పుడు విసుగొస్తోందండీ. బంతి చేతికి రాగానే గాల్లోకి తన్నడం, స్క్రమ్ (రెండు జట్లవాళ్లూ ఒకరినొకరు పట్టుకుని తలలు దూర్చి తోసుకునే కట్టు) కూలిపోవడం, మళ్లీ కట్టడం, రిఫరీ చెవిలో చెయ్యి పెట్టుకుని పెద్ద తెర వైపు చూస్తూ నిలబడటం, ఇదే తంతు. మా ఆఫీసులో ఒక పెద్దాయన "మా రోజుల్లో ఆట ఇలా ఉండేది కాదు" అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వెల్లింగ్టన్

జవాబు: సూటిగానే చెప్తానండీ. ఆట బోర్ కొట్టడం లేదు, ఆట ఆగి ఉన్న సమయం బోర్ కొడుతోంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి "రగ్బీ పాడైపోయింది" అనేస్తున్నారు, అక్కడే నాకు అభ్యంతరం.

ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం. పాత రోజులనగానే అందరికీ 1973లో కార్డిఫ్‌లో ఆల్ బ్లాక్స్ మీద బార్బేరియన్స్ (ఆటగాళ్లను ఆహ్వానించి కట్టే జట్టు) చేసిన ట్రై గుర్తొస్తుంది. బంతిని అవతలివాళ్ల గోల్ లైన్ దాటించి నేలకు ఆనించడమే ట్రై. అది, సొంత గోల్ లైన్ దగ్గర మొదలై ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ మైదానమంతా దాటి చివరికి గారెత్ ఎడ్వర్డ్స్ మూలలోకి దూకి ముగించిన ట్రై. ఇప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. కానీ దానికి సరిగ్గా పదేళ్ల ముందు, 1963లో, ఎడిన్‌బరోలోని మర్రేఫీల్డ్‌లో స్కాట్లండ్, వేల్స్ ఒక మ్యాచ్ ఆడాయి. వేల్స్ కెప్టెన్ క్లైవ్ రోలాండ్స్ బంతి దొరికినప్పుడల్లా పక్క గీత బయటికి తన్నుతూనే పోయాడు. బంతి బయటికి పోయిన ప్రతిసారీ రెండు జట్లూ వరుసల్లో నిలబడి లోపలికి విసిరిన బంతి కోసం ఎగరాలి, దాన్నే లైనౌట్ అంటారు. ఆ ఒక్క మ్యాచ్‌లో 111 లైనౌట్లు జరిగాయి. వేల్స్ 6-0తో గెలిచింది. అలాంటి ఆటకు అడ్డుకట్ట వేయడానికే కొన్నేళ్లకు నిబంధన మార్చారు, సొంత గోల్ లైన్ దగ్గరి భాగంలో నుంచి తప్ప బంతిని నేరుగా బయటికి తన్నితే లాభం లేకుండా చేశారు. ఆ రోజుల్లో ఎన్ని మ్యాచ్‌లు ఇలా నడిచాయో ఎవరూ తలుచుకోరు, టీవీలో పదేపదే వేసేది ఎడ్వర్డ్స్ ట్రైనే కదా.

మరి ఇప్పుడు ఎందుకింతగా తన్నుతున్నారు? దానికి గట్టి కారణమే ఉంది. 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్, అంటే మనం మాట్లాడుకుంటున్న పదిహేను మంది ఆట, ప్రొఫెషనల్ ఆట అయింది. అప్పటిదాకా పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రాలు ప్రాక్టీసు చేసినవాళ్లకు ఇక ఆటే ఉద్యోగమైంది. ఒళ్లు పెరిగింది, వేగం పెరిగింది, అన్నిటికంటే ఎక్కువగా డిఫెన్స్ మారిపోయింది. రగ్బీ లీగ్ (పదమూడు మంది ఆడే ఇంకో రకం రగ్బీ) నుంచి ఫిల్ లార్డర్, షాన్ ఎడ్వర్డ్స్ లాంటి కోచ్‌లు ఇటు వచ్చి, మనిషికీ మనిషికీ మధ్య దూరం కొలిచినట్టు నిలబెట్టి, అందరూ ఒకే వరుసలో ముందుకు దూసుకురావడం నేర్పారు. బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టగానే అక్కడ రక్, అంటే బంతి కోసం తోపులాట, ఏర్పడుతుంది కదా, బంతిని కాపాడుకోవాలంటే దాడి చేసే జట్టు ఇద్దర్నో ముగ్గుర్నో అందులోకి పంపక తప్పదు. అవతలి జట్టు ఒక్కణ్ణి పంపుతుంది, ఒక్కోసారి ఎవర్నీ పంపదు. మిగతా పన్నెండు పదమూడు మందీ 70 మీటర్ల వెడల్పు మైదానంలో అడ్డంగా నిలబడి ఎదురుచూస్తుంటారు. సందు ఎక్కడుంటుంది చెప్పండి? పైగా సొంత సగంలో బంతి పట్టుకుని ఏడెనిమిది రక్‌లు ఆడితే ఎక్కడో ఒకచోట "పడినవాడు బంతి వదల్లేదు" అని ఈల మోగుతుంది, అవతలి కిక్కర్ 45 మీటర్ల దూరం నుంచి కూడా గోల్ కొట్టి మూడు పాయింట్లు పట్టుకుపోతాడు. కోచ్ కుర్చీలో నేనున్నా తన్నమనే చెప్తాను.

కాబట్టి తన్నడాన్ని తిట్టకండి, దాన్ని చూసే పద్ధతి కొంచెం మార్చుకోండి. స్క్రమ్ హాఫ్ (స్క్రమ్, రక్‌ల నుంచి బంతి తీసి అందించే ఆటగాడు) రక్ వెనకనుంచి పైకి తన్నే బాక్స్ కిక్ ఉంది చూశారా, కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి టీవీలో అది దండగ వ్యవహారంలా కనిపిస్తుంది. స్టేడియంలో కూర్చుంటే అసలు కథ కింద కనిపిస్తుంది: అటునుంచి మైదానం అంచున ఆడే వింగర్ ఒకడు ప్రాణం పెట్టి పరుగెత్తుకొస్తుంటాడు, ఇటునుంచి అందరికంటే వెనక ఉండే ఫుల్‌బ్యాక్ వెనక్కి వెనక్కి జరుగుతూ తల పైకెత్తి నిలబడతాడు, ఇద్దరూ ఒకేసారి గాల్లోకి లేస్తారు. 2024 చివర్లో రిఫరీలు ఇంకో మంచి పని చేశారు. బంతి పట్టేవాడికి ముందు అతని జట్టువాళ్లు గోడకట్టి దారి మూసేయడం అప్పటిదాకా మామూలైపోయింది, దాన్ని కచ్చితంగా అడ్డుకోవడం మొదలుపెట్టారు. దాంతో గాల్లో పోటీ పెరిగింది. అయితే దీనివల్ల ఇంకా ఎక్కువ తంతున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే బంతి తిరిగి దొరికే అవకాశం పెరిగింది మరి.

2021లో ప్రయోగంగా తెచ్చిన 50:22 నిబంధన నాకు చాలా ఇష్టం. మీ సగంలో నుంచి తన్నిన బంతి నేలమీద ఒకసారైనా పడి, అవతలివాళ్ల 22 మీటర్ల గీత దాటాక పక్కకు పోతే, లైనౌట్‌లో విసిరేది మీ జట్టే. ఈ భయానికి వింగర్లు వెనక కాపలా ఉండాల్సి వస్తుంది, ముందు వరుసలో ఇద్దరు తగ్గుతారు, పరుగెత్తేవాడికి కాస్త చోటు దొరుకుతుంది. ఇలాంటి తెలివైన నిబంధనలు ఇంకో రెండు వస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఇక మీరు చెప్పిన రెండో బాధ, ఆట ఆగిపోవడం. ఇందులో మీతో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. 80 నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 35 నిమిషాలే. అది పాతరోజుల కంటే ఎక్కువే, కానీ మిగతా సమయాన్ని ఇప్పుడు సాగదీస్తున్నారు. స్క్రమ్‌లో ఒక్కోవైపు ఎనిమిది మంది, అందరి బరువూ కలిపి దాదాపు 900 కిలోలు, అది కూలితే మెడలు విరుగుతాయి కాబట్టి జాగ్రత్త అవసరమే. కానీ కట్టడం, కూలడం, లేవడం, బూట్ల తాళ్లు సవరించుకోవడం, మళ్లీ కట్టడం, వీటిలోనే రెండు మూడు నిమిషాలు హరించుకుపోతే టికెట్ కొన్నవాడు ఏం చూడాలి? 2021లో కేప్‌టౌన్‌లో సౌతాఫ్రికా, బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ దేశాల ఉమ్మడి జట్టు) మధ్య రెండో టెస్ట్ మొదటి సగమే గంటకు పైగా నడిచింది. నలభై నిమిషాల ఆటండీ అది! కోవిడ్ వల్ల స్టేడియం కూడా ఖాళీ, ఆ సాయంత్రం చూసినవాళ్లకు రగ్బీ మీద విరక్తి పుట్టిందంటే నేను తప్పు పట్టను.

మన కబడ్డీ ఈ సమస్యను ఎలా తీర్చుకుందో చూడండి. రెండు రైడ్లు వరసగా ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తెచ్చుకోకపోతే రైడర్ అవుట్. ఎవరూ కాలక్షేపం చేయడానికి వీల్లేదు. రగ్బీ కూడా ఆలస్యంగానైనా ఆ దారిలోకి వస్తోంది. 2023 నుంచి పెనాల్టీ కిక్‌కు 60 సెకన్ల గడియారం పెట్టారు, ట్రై తర్వాతి కన్వర్షన్‌కు (అదనపు పాయింట్ల కోసం కొట్టే కిక్) 90 సెకన్లిచ్చి 2025లో దాన్నీ 60కి దించారు, స్క్రమ్ కట్టడానికి 30 సెకన్లన్నారు. ఆ 30 సెకన్ల మాట రిఫరీలు గట్టిగా పట్టుకుంటే మంచిది.

నన్నడిగితే ఇంతకంటే పెద్ద మార్పు బెంచీ మీద జరగాలి. 1996 దాకా గాయమైతేనే ఇంకొకణ్ణి దింపేవారు. ఇప్పుడు ఎనిమిది మంది సిద్ధంగా కూర్చుంటారు, సౌతాఫ్రికా అయితే ఆ ఎనిమిదిలో ఆరుగురు ఏడుగురు భారీ ఫార్వర్డ్స్‌నే (స్క్రమ్‌లో తోసేవాళ్లు) పెట్టి దానికి బాంబ్ స్క్వాడ్ అని పేరు తెచ్చుకుంది. అది నిబంధనల ప్రకారమే, వాళ్ల తెలివి వాళ్లది. కానీ 55వ నిమిషానికి అలసట మొదలవ్వాల్సిన చోట తాజా మనుషులు వచ్చి నిలబడితే సందులు ఎలా పుడతాయి? బెంచీని ఐదుగురికో ఆరుగురికో తగ్గించండి, చివరి పావుగంటలో ట్రైలు వాటంతట అవే వస్తాయి.

అన్నట్టు, మీరు వెల్లింగ్టన్‌లోనే ఉన్నారు కదా, 2025 సెప్టెంబరులో మీ ఊళ్లోనే సౌతాఫ్రికా ఆల్ బ్లాక్స్‌ను 43-10తో చిత్తు చేసింది. బలంతో తొక్కి, బంతిని తన్ని గెలుస్తారని అందరూ ఆడిపోసుకునే జట్టు అది. న్యూజిలాండ్‌కు చెందిన టోనీ బ్రౌన్ అనే కోచ్ వాళ్ల అటాక్‌ను చేతిలోకి తీసుకున్నాక చేతులతో ఎంత ఆడుతున్నారో ఆ రెండో సగం చూస్తే తెలుస్తుంది. అదే ఏడాది సిక్స్ నేషన్స్‌లో (ఆరు యూరప్ జట్ల టోర్నీ) ఫ్రాన్స్ ఒక్కటే 30 ట్రైలు చేసింది, ఆ టోర్నీలో అంతకుముందు ఏ జట్టూ అన్ని చేయలేదు. ఇది చచ్చిపోతున్న ఆట లెక్క కాదండీ.

ప్రశ్న: టీఎంఓ (వీడియో చూసి చెప్పే రిఫరీ) పేరుతో ప్రతిదీ నాలుగైదు సార్లు రీప్లే వేసి చూడటం అవసరమా? లండన్‌లో మ్యాచ్‌కు వెళ్తే సగం సేపు తెర చూడటమే సరిపోతోంది.
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: తలకు దెబ్బ తగిలే టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టడం) విషయంలో అవసరమే, ఎంతసేపు పట్టినా సరే. చిన్న వయసులోనే మతిమరుపు జబ్బుల పాలైన మాజీ ఆటగాళ్ల గురించి వింటూ కూడా త్వరగా తేల్చేయమనడం నాకు మనసొప్పదు. అందుకే 2023లో తెచ్చిన బంకర్ పద్ధతి నాకు నచ్చింది: రిఫరీ పసుపు కార్డు (పది నిమిషాలు బయట) చూపించి ఆట కొనసాగిస్తాడు, వేరే గదిలో ఇంకొకరు ఎనిమిది నిమిషాల్లోపు చూసి అది ఎర్ర కార్డు అవునో కాదో చెప్తారు, ఈలోపు ఎవరూ ఖాళీగా నిలబడక్కర్లేదు. కానీ ట్రైకి అంతకుముందు ఎప్పుడో బంతి వేలి కొనకు తాకి ముందుకు పడిందా లేదా అని వెనక్కి వెనక్కి వెళ్లి వెతకడం మాత్రం ఆపాలి. రిఫరీకి మామూలు కంటితో కనిపించనిది వదిలేయవచ్చు. ఆ రోజుకు అన్యాయం జరిగినా ఆట నడుస్తుంది.

ప్రశ్న: 2023 వరల్డ్ కప్ ఫైనల్ 12-11 అట, మొత్తం కలిపి ఒకే ఒక్క ట్రై అట. అది గొప్ప మ్యాచ్ అని ఎలా అంటారు?
– డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: స్కోరు చూసి కాదు బాబూ, మ్యాచ్ చూసి అంటారు. మొదటి అరగంట లోపే న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ బయటికి వెళ్లాడు, బంకర్ దాన్ని ఎర్ర కార్డుగా మార్చింది, పురుషుల వరల్డ్ కప్ ఫైనల్లో ఎర్ర కార్డు పడటం అదే మొదటిసారి. అప్పటినుంచి పద్నాలుగు మందితో ఆడి కూడా ఆ ఒక్క ట్రై చేసింది వాళ్లే, బ్యూడెన్ బారెట్. సౌతాఫ్రికా పాయింట్లన్నీ హాండ్రే పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలు. పీటర్ స్టెఫ్ డు టోయిట్ ఒక్కడే 28 టాకిల్స్ చేశాడు, 28 సార్లు పరుగెత్తుకొచ్చే మనిషికి భుజం అడ్డుపెట్టడం అంటే ఏమిటో ఊహించు. చివర్లో జోర్డీ బారెట్ దూరం నుంచి కొట్టిన కిక్ పక్కకు పోయింది, అది పడుంటే కప్పు చేతులు మారేది. పసుపు కార్డు తిని బయట కూర్చున్న సౌతాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బీ జెర్సీ మొహం మీదికి లాక్కుని చూడలేక కూర్చున్నాడు. ఆ ఫైనల్‌కు ముందు క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ మీద 29-28, సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 16-15, అంటే సౌతాఫ్రికావాళ్లు వరసగా మూడూ ఒక్క పాయింట్ తేడాతోనే గెలిచారు. ఇంత టెన్షన్ పెట్టిన మ్యాచ్‌లను బోర్ అంటే నేను ఒప్పుకోను.

నీకు ట్రైలే కావాలంటే 2015లో బ్రైటన్‌లో జపాన్, సౌతాఫ్రికా మ్యాచ్‌తో మొదలుపెట్టు. చివరి క్షణాల్లో జపాన్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది, పెనాల్టీ వచ్చింది, గోల్ కొడితే డ్రా. కెప్టెన్ మైకేల్ లీచ్ వద్దని స్క్రమ్ కోరుకున్నాడు. 34-32. హైలైట్స్ చూడకు, మ్యాచ్ మొత్తం చూడు.

ప్రశ్న: మాకు పదిహేను మంది రగ్బీ అర్థం కావట్లేదు. హైదరాబాద్ హీరోస్ ఆడిన లీగ్ బాగుంది. అది చూస్తే చాలదా?
– ఇద్దరు స్నేహితులు, హైదరాబాద్

జవాబు: బాగుంటుంది మరి, 2025 జూన్‌లో ముంబైలో మొదలైన ఆ రగ్బీ ప్రీమియర్ లీగ్ సెవెన్స్ పద్ధతి. అంతే పెద్ద మైదానం, జట్టుకు ఏడుగురే, కాబట్టి పైన నేను ఏడ్చిన డిఫెన్స్ వరుస అక్కడ ఉండదు, ఎటు చూసినా ఖాళీయే. ఒలింపిక్స్‌లో ఉన్నది కూడా సెవెన్సే. ఫిజీ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం 2016లో ఇందులోనే వచ్చింది, అదీ బంగారం. మీ ఊరి పేరున్న జట్టు ఆడుతోంది కాబట్టి తప్పకుండా చూడండి. కానీ అక్కడే ఆగిపోకండి. 2024 పారిస్‌లో ఫ్రాన్స్‌కు సెవెన్స్ బంగారం తెచ్చిన ఆంట్వాన్ డ్యుపాన్ అసలు పదిహేను మంది ఆటలో స్క్రమ్ హాఫ్. సెవెన్స్‌లో అతని పరుగు చూసి ముచ్చటపడ్డాక సిక్స్ నేషన్స్‌లో ఫ్రాన్స్ ఆడే మ్యాచ్ ఒకటి పెట్టుకోండి, బంతిని కాదు, అతన్నొక్కణ్ణే ఎనభై నిమిషాలూ గమనించండి. ఎప్పుడు తంతాడు, ఎప్పుడు పరుగెత్తుతాడు, ఎందుకు అన్నది రెండో సగానికల్లా మీకే అర్థమవుతుంది.