పరీక్ష రోజున నడిచి వెళ్తే పింఛను రాదా?

ప్రశ్న: మా అమ్మాయికి 34 ఏళ్లు. కొన్నేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో బాధపడుతోంది. జబ్బు తిరగబెట్టినప్పుడు వారాల తరబడి మంచం దిగలేకపోతుంది, చూపు మసకబారుతుంది. తగ్గాక మెల్లగా తిరుగుతుంది. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షకు నడిచే వెళ్లింది. కాళ్లు మాత్రమే చూసి 30 శాతం వేశారు. పింఛనుకు 40 ఉండాలన్నారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: ఈసారి కుంటుతూ వెళ్లమని చెప్పేవాళ్లు ఊరికొకరు ఉంటారు. వినకండి. దొరికిపోతే ఉన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో ఈ జబ్బు పేరుతో సహా ఉంది. లోపం దీర్ఘకాలికంగా ఉండాలంటుంది చట్టం; రోజూ ఒకేలా ఉండాలని ఎక్కడా లేదు. శాతం మారే అవకాశముంటే గడువు వేసి సర్టిఫికెట్ ఇవ్వాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి కూడా. చిక్కల్లా డాక్టరు ఆ ఒక్క పూటే చూడటంలో ఉంది.

కాబట్టి మిగతా రోజులకు సాక్ష్యం చూపండి. డిశ్చార్జి సమ్మరీలు, ఎమ్మారై రిపోర్టులు, స్టెరాయిడ్లు ఎక్కించిన చీటీలు తేదీల వరుసలో పెట్టండి. న్యూరాలజిస్టు ఉత్తరంలో జబ్బు పేరొక్కటే ఉంటే లాభం లేదు. ఏడాదిలో ఎన్నిసార్లు తిరగబెట్టింది, కోలుకోవడానికి ఎన్ని వారాలు పట్టింది, ఆగకుండా ఎంత దూరం నడవగలదు అన్నవి రాయించండి. వేడికి ఈ జబ్బు లక్షణాలు పెరుగుతాయి. జనవరిలో నడిచిన మనిషి మే నెలలో గోడ పట్టుకుని బాత్రూముకు వెళ్లవచ్చు. అదీ రాయించండి.

చూపు సంగతి వదలకండి. మామూలు రోజుల్లోనూ లోపం మిగిలి ఉంటే కంటి డాక్టరు చేత విడిగా కొలిపించాలి. రెండు లోపాలను నేరుగా కూడరు, దానికో సూత్రం ఉంది. కాళ్లకు 30, కంటికి 20 వచ్చాయనుకుందాం. 90లోంచి 30 తీసేస్తే 60. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే 13.3. మొత్తం 43.3 శాతం, అంటే గీత దాటినట్టే.

30 ఎలా వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. ఆ 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. గడువు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి జాప్యం వద్దు. అక్కడా కారణం చెప్పకుండా తోసిపుచ్చితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఖర్చుకు భయపడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అమ్మాయి పేరునే దరఖాస్తు పెట్టండి.