మూడేళ్లనాటి మెసేజ్‌పై ఇప్పుడు కేసు: నిలుస్తుందా?

ప్రశ్న: నేను తెలంగాణలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. 2023లో గ్రామదేవత జాతర రోజుల్లో దున్నపోతు బలిని తప్పుపడుతూ ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. కోపంలో మరో మాట కూడా రాశాను. ఆ రాత్రే నాతో గ్రూపులో వాదించిన వ్యక్తి ఇప్పుడు స్క్రీన్‌షాట్‌తో ఫిర్యాదు చేశాడు. ఎఫ్‌ఐఆర్ అయింది, పోలీసుల నోటీసు వచ్చింది. నేనూ ఆ అమ్మవారికి మొక్కేవాణ్నే; అయినా ఊరంతా నన్ను ద్రోహిలా చూస్తోంది. మెసేజ్ తీసేసి, తమకు క్షమాపణ పత్రం రాసిస్తే సరిపోతుందని పెద్దలు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ భక్తి గురించి, ఊరివాళ్ల మాటల గురించి వివరంగా రాశారు కానీ, మెసేజ్ ఏ తేదీన పెట్టారో, ఫిర్యాదు ఏ తేదీన అందిందో రాయలేదు. ఈ కేసు నిలిచేదీ వీగేదీ ముందుగా ఆ రెండు తేదీల మీదే. నోటీసు చేతికందిన తరువాత కూడా ఫోను తెరిచి తేదీ చూసుకోకపోవడం, రోజూ హాజరు పట్టీ రాసిన ఉపాధ్యాయుడు చేయవలసిన పని కాదు.

మత భావాలను దురుద్దేశంతో అవమానించారన్నదే ఇక్కడ ఆరోపణ. 2024 జులై 1కి ముందు జరిగిన పనికి, ఆ రోజు అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి, అంటే భారతీయ న్యాయ సంహితలోని 299 సెక్షన్ వర్తించదు. పాత శిక్షాస్మృతిలోని 295ఏ వర్తిస్తుంది. రెండింటిలోనూ గరిష్ఠ శిక్ష మూడేళ్లే. అంత శిక్ష ఉన్న నేరాన్ని మూడేళ్ల కాలపరిమితి దాటాక కోర్టు విచారణకు స్వీకరించకూడదని, క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని నిర్ణయించే నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ చెబుతోంది. అయితే నేరం జరిగినట్టు బాధితుడికి గానీ పోలీసులకు గానీ అప్పట్లో తెలియకపోతే, తెలిసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. అందువల్ల ఫిర్యాదుదారు ‘నేను మొన్ననే చూశాను’ అనే అవకాశం ఉంది. ఆ మాటను అబద్ధమని తేల్చగల సాక్ష్యం, అదే రాత్రి మీ మెసేజ్ కింద అతను పెట్టిన జవాబు.

మీరు చెరిపేయాలనుకుంటున్నది సరిగ్గా ఆ సంభాషణనే. దయచేసి ఆ పని చేయకండి. మెసేజ్ తీసేసినా ఫిర్యాదుదారు చేతిలోని స్క్రీన్‌షాట్ ఎక్కడికీ పోదు; పోయేది మీ రక్షణ మాత్రమే. పైగా సాక్ష్యంగా అవసరమయ్యే ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు అందకుండా చెరిపేయడం న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మరో నేరం. గ్రూపు నుంచి బయటకు రావద్దు, ఫోను మార్చవద్దు, రీసెట్ చేయించవద్దు. మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి. గ్రూపులో మీకు నమ్మకమైన మరో ఇద్దరిని కూడా అలాగే చేయమనండి. కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియం 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వవలసిన ధ్రువపత్రం లేకుండా ప్రింటవుట్లు మాత్రమే తీసుకువెళితే కోర్టులో ఇబ్బంది పడతారు.

క్షమాపణ పత్రం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ నేరం పెద్దమనుషుల సమక్షంలో రాజీపడి ముగించుకోగలిగేది కాదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు గానీ, ఊరి పెద్దలకు ‘అందరి మనసులు నొప్పించాలనే రాశాను’ అని సంతకం పెట్టి ఇచ్చిన కాగితం మీపైనే సాక్ష్యమవుతుంది. ఎందుకంటే ఈ సెక్షన్ మనసు నొచ్చిందా అని మాత్రమే అడగదు, కావాలని దురుద్దేశంతో చేశారా అని అడుగుతుంది. 1957లో రాంజీ లాల్ మోదీ కేసులో ఈ సెక్షన్‌ను సమర్థించిన రాజ్యాంగ ధర్మాసనమే, అజాగ్రత్తగానో అనాలోచితంగానో చేసిన అవమానం దీని కిందికి రాదని స్పష్టం చేసింది. క్రికెటర్ ధోనీని విష్ణువు రూపంలో చూపిన పత్రిక ముఖచిత్రంపై అనంతపురంలో నడిచిన కేసును సుప్రీంకోర్టు 2017లో ఈ కారణంగానే కొట్టివేసింది. 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం అమలులో ఉన్న రాష్ట్రంలో బలిని విమర్శించడాన్ని దురుద్దేశమని చూపడం తేలిక కాదు.

కానీ ‘మరో మాట’ అని మీరు దాటవేసిన వాక్యం నన్ను కలవరపెడుతోంది. ఆచారాన్ని తప్పుపట్టడం వేరు, ఒక కులాన్నో వర్గాన్నో పేరుపెట్టి దూషించడం వేరు. రెండోది చేసి ఉంటే, వర్గాల మధ్య శత్రుత్వం పెంచడాన్ని శిక్షించే పాత శిక్షాస్మృతి 153ఏ, మరికొన్ని చట్టాలు కూడా ముందుకు రావచ్చు. మీ న్యాయవాది దగ్గర ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా చూపించండి.

నోటీసు నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద, అంటే అరెస్టు చేయకుండా హాజరు కమ్మని కోరుతూ వచ్చి ఉంటే, చెప్పిన రోజున న్యాయవాదితో హాజరు కండి. హాజరు కాకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది. ఇది నాన్-బెయిలబుల్ నేరం కనుక ముందస్తు బెయిలు పిటిషన్ కూడా సిద్ధంగా ఉంచుకోండి. తేదీలు మీకు అనుకూలంగా ఉంటే అదే సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టులో ఎఫ్‌ఐఆర్ రద్దు కోరవచ్చు. ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు, ఇలాంటి భావప్రకటన కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడమే సముచితమని చెప్పింది. అది జరగకపోతే ఆ అంశాన్నీ పిటిషన్‌లో చేర్చండి. ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కోర్టు ఈ కేసును స్వీకరించలేదు కానీ, ఆ అనుమతి కోసం పట్టిన కాలాన్ని మూడేళ్ల లెక్కలోంచి మినహాయిస్తారు. తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారమూ కోర్టుకు ఉంది. అందుకే కాలపరిమితి ఒక్కదానినే నమ్ముకోకుండా దురుద్దేశం లేదన్న వాదననూ మొదటి నుంచే నిలబెట్టండి.

కేసు తేలేవరకు, నిజం చెప్పాననే పట్టుదలతో ఆ మెసేజ్‌ను మళ్లీ ఫార్వర్డ్ చేయవద్దు, స్టేటస్‌గా పెట్టవద్దు. అలా చేస్తే కొత్త తేదీ నుంచి కొత్త మూడేళ్లు మొదలవుతాయి, అప్పుడు వర్తించేది 299 సెక్షనే.